పులిహోరలో ఇనుప చువ్వ

మలయాకు మెర్దేకా, అంటే స్వతంత్రం, వచ్చిన ఏడే మాకు పెళ్లయింది. సుంగై పెటాని దగ్గర రబ్బరు ఎస్టేటులో ఆయన గుమాస్తా.

"దొరల సీమకి ఎల్లలేం. పినాంగులో ఆళ్ల మేడలైనా సూసొద్దాం లా" అన్నారాయన, అక్కడి వాళ్లలాగే మాట చివర "లా" తగిలించి.

హోటలు ఖర్చు తప్పుతుందని పులిహోర కట్టాను. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి చేరకుండా ఎస్టేటు గేటు దగ్గర ప్రతి మూటా సోదా చేసేవారు. మా ముందున్నావిడ మోసుకెళ్తున్న పందుల కుడితి బకెట్లో తిప్పిన ఇనుప చువ్వనే, తుడవనైనా తుడవకుండా, కాపలావాడు నా పులిహోరలో అడుగుదాకా దింపాడు. ఆయన్ని పారేయమన్నాను.

"పారీడమేటి? పైన తీసేత్తే సాలు."

పినాంగు సముద్రం ఒడ్డున కూర్చుని మొత్తం తిని, వేళ్లు నాకారు. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పారు.

ఒక్క మేడా నాకు గుర్తులేదు.