అద్దంలాంటి అరవై అడుగులు

బెలార్మినా ముప్పై ఒక్క ఏళ్ళపాటు సియెనెగిత ఊరి పిల్లల్ని స్కూలు బస్సులో మోసింది. ఇప్పుడు ఊళ్ళో మీసాలు దువ్వుకుంటూ తిరిగే మగవాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆవిడ బస్సులో వాంతి చేసుకున్నవాళ్ళే. అందుకే ఆ ఏడు మార్చి మీటింగులో ఆవిడ లేచి నిలబడి, "ఈసారి కాలవ పెద్దగా నేనుంటాను" అన్నప్పుడు పైకి నవ్వే ధైర్యం ఎవరికీ చాలలేదు. గొంతులోనే నవ్వి మింగేశారు.

ఒక్క ప్రొకోపియో మాత్రం మింగలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, వెడల్పాటి భుజాలు, ఇంట్లో కూడా టోపీ తియ్యడు.

"నీళ్ళు నడపడమంటే బస్సు నడపడం కాదు ప్రీమా! హారన్ కొడితే వచ్చేవి కావు" అన్నాడు.

చుట్టరికం కలిసినా కలవకపోయినా ఆ ఊళ్ళో అందరూ ఒకళ్ళకొకళ్ళు వరసే, మగవాళ్ళయితే ప్రీమో, ఆడవాళ్ళయితే ప్రీమా. తిట్టుకునేటప్పుడు కూడా.

"నీ కొడుకులిద్దరూ మూడుసార్లు హారన్ కొడితేగాని వచ్చేవాళ్ళు కాదు ప్రీమో. వాళ్ళకన్నా నీళ్ళే నయం" అంది బెలార్మినా. ఈసారి గది గదంతా పైకే నవ్వింది.

ప్రొకోపియో మొహం కందగడ్డయింది. "నవ్వండి నవ్వండి! కాలవ చివరి పొలం నాది. రెండేళ్ళయింది చుక్క చూసి. మన రైతుల దేవుడు సాన్ ఇసిద్రో పండగనాటికి నా మిరప మళ్ళో నీళ్ళు పారించు, టోపీ తీసి దణ్ణం పెడతా. లేదంటే ఆ కర్ర ఇచ్చేసి ఇంటికి పో!"

"సరే" అంది ఆవిడ. "మే పదిహేనుకి నీ మళ్ళో నీళ్ళు రాకపోతే కర్ర తెచ్చి నీ గుమ్మానికి ఆనించి పోతా."

ఆ కర్ర అంటే కాలవ పెద్ద చేతికర్ర. దాంతో కొలిచే ఎవరి వంతు ఎంతో చెబుతారు, దాంతోనే తూము తలుపు ఎంత ఎత్తాలో చూస్తారు. బెలార్మినా వాళ్ళ నాన్న పద్దెనిమిదేళ్ళు కాలవ పెద్ద. చిన్నప్పుడు ఆయనకి సద్ది పట్టుకెళ్ళి, కాలవ గట్టంతా వెనకే తిరిగేది. అన్నీ చూపించేవాడు, అన్నీ చెప్పేవాడు. కర్ర మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. "ఆడపిల్ల ముట్టుకుంటే నీళ్ళు అలుగుతాయే" అనేవాడు. ఆ మీటింగుతో, అరవై ఆరేళ్ళకి ఆ కర్ర ఆవిడ చేతికొచ్చింది. రెండు నెలల్లో మళ్ళీ పోతుందా అన్నదే ఇప్పుడు ఆవిడ బెంగ.

సియెనెగితకి ఆధారం ఆ ఒక్క కాలవే. కొండ మీంచి దిగే ఏటికి పక్కన గండికొట్టి, రెండొందల ఏళ్ళ కిందట తాతలు తవ్వారు. కాలవకి ఎగువన చూస్తే ఎర్రమట్టి, ముళ్ళపొదలు, బల్లులు. దిగువన చూస్తే ఆపిల్ తోటలు, మొక్కజొన్న, మిరప, పచ్చగడ్డి. గీత గీసినట్టుంటుంది. వేసవిలో వచ్చిన చుట్టాలు, "అబ్బ, దేవుడు మీ ఊరిని ఎంత పచ్చగా పుట్టించాడండీ!" అంటే, ఊరివాళ్ళు అరచేతుల్లోని కాయల్ని చూసుకుని ఊరుకుంటారు.

ఆ కాయలు వచ్చేది ఏప్రిల్‌లో. కాలవ పూడిక తీతకి ఇంటికొకరు పారతో రావాల్సిందే. తాతలనాటి నుంచీ ఎవరి వంతు వాళ్ళదే. బెలార్మినా వంతు కాలవ నడిమధ్యన, దాన్ని ఆనుకుని దిగువన ప్రొకోపియో వాళ్ళ అరవై అడుగులు. మిగతావాళ్ళు నిరుటి ఆకులు, పుల్లలు ఎత్తిపోసి, పైపైన గీకి, చెట్టు కింద చేరి కబుర్లాడతారు. ప్రొకోపియో వంశంలో ఆ పప్పులుడకవు. వాళ్ళ తాత తవ్వినట్టు ఎవరూ తవ్వలేదని పేరు. తాతని మించి వాళ్ళ నాన్న, నాన్నని మించి ప్రొకోపియో. గట్లు కత్తితో కోసినట్టు, అడుగు ఊడ్చినట్టు ఉండాలి. ఏడేళ్ళ కిందటైతే అడుగున తెల్లటి గులకరాళ్ళు మెరిసేదాకా తవ్వేశాడు. ఒక రాయి జేబులో వేసుకుని మీటింగుకి తెచ్చి, చేతులు మార్చి అందరికీ చూపించాడు. ఆ రాయి ఇప్పటికీ వాళ్ళింట్లో సాన్ ఇసిద్రో బొమ్మ పక్కనే ఉంటుంది.

ఈ ఏడూ అంతే. పార గట్టున గుచ్చి, "చూడండర్రా, అద్దం! దీంట్లో కంచం లేకుండా భోంచెయ్యొచ్చు" అన్నాడు.

"నీ భోజనానికి నీళ్ళెక్కణ్ణుంచి తెస్తావు ప్రీమో?" అన్నాడు ఫిలిబెర్తో. నలభై గొర్రెలు, నలభై గొర్రెల పెట్టు నోరు ఉన్న మనిషి.

ఏప్రిల్ ఆఖరున బెలార్మినా తూము తలుపెత్తింది. నురగ, ఎండుటాకులు, ఓ చచ్చిన కప్పని ముందుకి నెట్టుకుంటూ నీళ్ళు బయల్దేరాయి. వెంట సగం ఊరు నడిచింది. నీళ్ళు ఆవిడ వంతు దాకా హుషారుగా వచ్చాయి. ప్రొకోపియో అద్దంలోకి దిగాయి. అక్కడ బద్ధకం పట్టినట్టు నిలబడిపోయాయి. మర్నాటికి అవతలకి వెళ్ళింది వేలెడు ధార. ఆ ధార కూడా చివరి పొలానికి అరమైలు ఇవతలే ఇంకిపోయింది.

"నేల ఎలుకలు!" అన్నాడు ప్రొకోపియో. "గట్టు కింద బొరియలు పెట్టి నా నీళ్ళు తాగేస్తున్నాయి." బోనులు పెట్టాడు. బొరియల్లో ఎండుమిరపకాయల పొగ పెట్టాడు. ఎలుకలు ఒక్కటీ బయటికి రాలేదుగాని, ప్రొకోపియో దగ్గి దగ్గి రెండ్రోజులు మంచంలో ఉన్నాడు.

"కొండ మీద మంచు పడితేగా, నీళ్ళు రావడానికి!" అన్నాడు ఫిలిబెర్తో. ఈ మాట మాత్రం కొంత నిజమే. కొంతే.

మే తొమ్మిదో తారీకు పొద్దున్నే బెలార్మినా తన పాత ట్రక్కులో కొండ కింది రోడ్డు మీద పోతూ, పిల్లలెక్కే స్టాపులు వచ్చినచోటల్లా అలవాటుకొద్దీ స్పీడు తగ్గించింది. ఫిలిబెర్తో కూతురు ఎక్కే మలుపు దగ్గరైతే బండి ఆపేసింది.

మలుపులో ఏపుగా విల్లో చెట్లు, నీటి తడి ఉన్నచోటే పెరిగేవి. ఎర్ర రెక్కల పిట్టలు కొమ్మ కొమ్మకీ వాలి ఒకటే గోల. కింద చిత్తడి, పచ్చగడ్డి.

ఆవిడ బస్సు నడిపిన ఆఖరి ఏడాది, ఎనిమిదేళ్ళ కిందట, ఇక్కడ పుల్లంత నీడ ఉండేది కాదు. ఫిలిబెర్తో కూతురు టిఫిన్ డబ్బా నెత్తిమీద పెట్టుకుని ఎండలో నిలబడేది.

ఫిలిబెర్తో గొర్రెల్ని తోలుకుంటూ వచ్చాడు.

"ఈ చెట్లు ఎవరు నాటారు ప్రీమో?"

"ఎవరూ నాటలా. సాన్ ఇసిద్రో దయ! ఏడేళ్ళ కిందట మా ఆవిడకి మోకాలి ఆపరేషనైందా, ఆ వేసవిలోనే ఇక్కడ ఊట పట్టింది. అప్పట్నుంచీ నా గొర్రెలు రాజాల్లా తాగుతున్నాయి."

బెలార్మినా తలెత్తి పైకి చూసింది. విల్లోలకి సరిగ్గా ఎగువన, కొండవాలు మీద, కాలవ నడిమధ్యన, ప్రొకోపియో వాళ్ళ అరవై అడుగులు. ఏడేళ్ళు. జేబులో తెచ్చిన తెల్లరాయి!

వెంటనే బండి తిప్పింది. గట్టెక్కి, తన వంతులో చెయ్యి పెట్టి తవ్వింది. బూడిదరంగు బురద, వెన్నలా మెత్తగా, జానెడు మందాన ఉంది. పక్కన ప్రొకోపియో వంతులో చెయ్యి పెట్టింది. వేళ్ళకి గులకరాళ్ళు తగిలాయి.

తాతలు తవ్వింది గొయ్యి మాత్రమే. దాన్ని కాలవ చేసింది ఏరు. ఏటా వరదలో మెత్తటి మట్టి మోసుకొచ్చి, అడుగున పొర మీద పొర పరిచి, రాళ్ళ సందులన్నీ మూసింది. ఊరు రెండొందల ఏళ్ళుగా మురికి అని గీకి పారేస్తున్నది కాలవ చర్మాన్ని. అందరూ బద్ధకంగా గీకారు కాబట్టి మిగిలింది. ప్రొకోపియో వంశం మాత్రం శ్రద్ధగా గీకింది.

విషయం తెలిసింది. చెప్పడమెలాగ? "ప్రొకోపియో, నీ పొలం ఎండబెట్టింది నువ్వే" అని వాళ్ళ గుమ్మంలో నిలబడి చెబితే మిరపకాయ పొగ ఆవిడకే పెడతాడు.

మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. "కాలవ గట్టుకి రా ప్రీమో. బీన్స్, కాల్చిన పచ్చిమిరపకాయలు రొట్టెల్లో చుట్టి తెస్తా."

"ఏంటి, కర్ర ఇవ్వడానికి ముందు లంచమా?" అంటూ వచ్చాడు.

అప్పటికే ఆవిడ తూము మూసేసి, తన వంతుకీ ఆయన వంతుకీ అటూ ఇటూ చెక్కలు అడ్డం పెట్టి ఉంచింది. పక్కపక్కన రెండు మడుగులు. రెండింట్లో చెరో పుల్ల గుచ్చి, నీటిమట్టం దగ్గర బొగ్గుతో గీత పెట్టింది.

"ఇదేం ఆట?"

"తిను ముందు."

ఇద్దరూ తిన్నారు. ప్రొకోపియో రెండోది అడిగి తిన్నాడు. మూతి తుడుచుకుని చూస్తే, బెలార్మినా మడుగులో గీత తడిగానే ఉంది. ఆయన మడుగులో నీళ్ళు గీతకి జానెడు కిందకి దిగిపోయాయి.

"నేల ఎలుక" అన్నాడు వెంటనే.

"బొరియ ఎక్కడుందో చూపించు."

బూట్లతోనే దిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, గట్లు రెండూ తడిమాడు, అడుగంతా తడిమాడు. చేతిలోకి రాళ్ళే వచ్చాయి. లేచి, చెక్క దాటి ఆవిడ వంతులో చెయ్యి పెట్టాడు. బురద మణికట్టు దాటి పట్టుకుంది. అలాగే నిలబడి కిందకి చూశాడు. విల్లోలు గాలికి ఊగుతున్నాయి.

"మా తాత కూడా తవ్వాడు కదా" అన్నాడు.

"మీ తాతనాటికి మందంగా ఉండేది ప్రీమో. నీ దగ్గరకొచ్చేసరికి ఆఖరి పొర మిగిలింది."

"అంటే నా నీళ్ళు నేనే..." టోపీ సర్దుకున్నాడు. "ఊళ్ళో ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. మనిద్దరం పూడ్చేద్దాం."

"జిగురుమట్టి పోస్తే చాలదు. తొక్కించాలి. మన కాళ్ళు సరిపోవు. గొర్రెలు కావాలి."

"గొర్రెలా? ఫిలిబెర్తో గొర్రెలా? వాడికి చెప్పే బదులు చర్చి గంట కొట్టి ఊరంతటికీ చెప్పు!"

"నీ ఇష్టం. కర్ర రేపే తెచ్చి ఇచ్చేస్తాలే."

ప్రొకోపియో కాలవ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "ఆ నోటివాణ్ణి పిలు" అన్నాడు.

మర్నాడు, ఇళ్ళు మెత్తడానికి మట్టి తీసుకునే గుంటలోంచి ట్రక్కు మీద ట్రక్కు జిగురుమట్టి తెచ్చి ప్రొకోపియో తన అద్దంలో తనే పోశాడు. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది.

"కాలవలోంచి మట్టి తీసేవాళ్ళని చూశాంగాని, కాలవలోకి మట్టి మోసేవాణ్ణి నిన్నే చూశాం ప్రీమో!" అని ఫిలిబెర్తో గొర్రెల్ని దింపాడు. నలభై గొర్రెలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. నూట అరవై గిట్టలు. చప్ చప్ చప్.

"నెమ్మదిగా తోలరా! నా వంతులో పెంటికలు వెయ్యనీకు!"

"వెయ్యనీ, జిగట పెరుగుతుంది" అంది బెలార్మినా.

అప్పటికి ఫిలిబెర్తోకి లెక్క తెలిసింది. గొర్రెల్ని అదిలించే కర్ర ఆపేసి నిలబడ్డాడు. "అయితే నా విల్లోలు సాన్ ఇసిద్రో పెట్టినవి కావా?"

"నేను పెట్టినవి" అన్నాడు ప్రొకోపియో, మట్టి మొహంతో. "ఏడేళ్ళు నీళ్ళు పోసి పెంచా. దణ్ణం పెట్టుకో."

గట్టు మీద నవ్వులు ఆగలేదు. ఫిలిబెర్తో మాత్రం నవ్వలేదు. "ఊట ఎండితే చెట్లు పోతాయి ప్రీమా. పిట్టలు గూళ్ళు కట్టుకున్నాయి. గొర్రెలు ఇచ్చినందుకు నాకేం వద్దు, ఓ జానెడు మేర మటుకు తొక్కకుండా వదిలెయ్" అన్నాడు.

బెలార్మినా చుట్టూ చూసింది. ఎవరి గట్టు కింద చూసినా ఏదో ఓ కాటన్‌వుడ్ చెట్టు, ఏదో ఓ అడవి రేగు పొద. ఎవరూ నాటనివి. కాలవ కారినచోటల్లా మొలిచినవి. అసలేం కారకపోతే ఈ ఊరికి నీడే ఉండదు. కర్రతో ఓ మూల గీత గీసింది. "ఇక్కడ గొర్రె కాలు పడనివ్వకండి."

పన్నెండో తారీకుకి పని అయింది. పదమూడున తూమెత్తింది. మట్టి తడిసి, ఉబ్బి, కుదురుకోవడానికే ఒక రోజు పట్టింది. పదిహేనో తారీకు పొద్దున సాన్ ఇసిద్రో విగ్రహాన్ని భుజాల మీద ఎత్తుకుని, పాట పాడుకుంటూ ఊరు గట్టు మీద నడిచింది. పక్కన కాలవలో నీళ్ళూ నడిచాయి, నురగతో, ఆకులతో, గొర్రె పెంటికలతో. ఒక్కోచోట నీళ్ళు ముందు, ఒక్కోచోట సాన్ ఇసిద్రో ముందు. బెలార్మినా పాట పాడటం ఎప్పుడో మానేసింది. కళ్ళు నీళ్ళ మీదే, కర్ర మీద పిడికిలి బిగిసిపోయింది.

చివరి మలుపు తిరిగాక నీళ్ళు ఓసారి ఆగినట్టయ్యాయి. ఓ గుంట నిండాలి కాబోలు. గుంట నిండింది. ధార పొర్లి, ఎండి నెర్రెలిచ్చిన మిరప మడిలోకి జారింది. మట్టి గుటగుటా తాగింది.

ప్రొకోపియో టోపీ తీశాడు. ఆ తల చూసి ఊరికి ఎన్నేళ్ళయిందో! బట్టతల వెన్నముద్దలా తెల్లగా మెరిసింది.

"దణ్ణం ఎవరికి ప్రీమో? సాన్ ఇసిద్రోకా, ప్రీమాకా?" అరిచాడు ఫిలిబెర్తో.

"మధ్యలో పెట్టా. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి!"

బెలార్మినా నవ్వుతూ కర్రని ఆ తడిమట్టిలో గుచ్చి, చెయ్యి వదిలేసి చూసింది. పడిపోలేదు.

మరుసటి ఏప్రిల్‌లోనూ కాలవ పెద్ద ఆవిడే. పూడిక తీతనాడు ప్రొకోపియో తన అరవై అడుగుల గట్టున పార పక్కన పడేసి, కుర్చీ వేసుక్కూర్చున్నాడు. అటుగా పారతో పోయేవాళ్ళని ఒక్కణ్ణీ దిగనివ్వలేదు. ఆకులు మటుకు చేత్తో ఏరాడు. బెలార్మినా కర్రతో వంతు కొలవడానికి వస్తే, అడుగు నుంచి గుప్పెడు బురద తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు.

"చూడు ప్రీమా, వెన్న! ఈ ఊళ్ళో ఇంత మంచి బురద ఇంకెవడి వంతులోనన్నా ఉందేమో చూపించు!"