దూరం దిష్టి

తవిటమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆవిడ గొంతు గురించి చెప్పాలి. మనిషి కంటే అదే ముందొస్తుంది. జాలరిపేటలో మా అంగన్‌వాడీ సెంటర్లో పిల్లల చేత ప్రార్థన చేయిస్తూ ఉంటానా, సందు చివర నుంచి "సేపలో! కవళ్ళు, పారలు, సేపలో!" అని కేక. అంతే, నా పిల్లలంతా దేవుణ్ణి వదిలేసి ఆవిడ కేక అందుకుంటారు.

"కాస్త మెల్లిగా అరవొచ్చు కదా పిన్నీ" అంటే, "మెల్లిగా అరిత్తే ఈ సేపలన్నీ నానే తినాల టీచరమ్మా" అని తట్ట సర్దుకుని వెళ్ళిపోతుంది.

నా పేరు తాయారు. మాది కాకినాడ వైపు. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం వస్తే ఇక్కడికొచ్చాం. నాకు కోపమెక్కువని పేటంతా చెప్పుకుంటారు. అది కోపం కాదు, తొందర. చెప్పిన మాట చెప్పినప్పుడే వింటే నాకు గొంతు లేపే పనేముంది?

తవిటమ్మ పూడిమడక నుంచి కోడలిగా వచ్చింది. మొగుడు పోయాక తట్ట నెత్తికెత్తుకుని కొడుకు బాబీని పెంచి పెద్దచేసింది. గెడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలుంటాయి. చిన్నప్పుడు జాతరలో వాళ్ళమ్మ పొడిపించిందట. "ఆ రోజు ఏడిసిన ఏడుపుకే నా గొంతిలగైపోనాది" అంటుంది. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ల ముందు కూర్చుని చేపలమ్ముతుంది. ఎవరైనా "నిన్నటివి కావు కదా" అని అడిగారో, చేప తల పట్టుకుని వాళ్ళ మొహం దగ్గర పెట్టేస్తుంది. "కళ్ళు సూడమ్మా దీనికి. నీకేసే సూత్తన్నాది!" కన్ను మెరుస్తుంటే తాజా, మసకేస్తే నిన్నటిది. ఆవిడ వ్యాపారమంతా ఆ కళ్ళ మీదే నడుస్తుంది.

ఆవిడ ప్రాణం మాత్రం మనవరాలు సాయిదుర్గ. బాబీ వేటకి వెళ్తాడు, కోడలు రాధ రొయ్యల కంపెనీ వ్యాన్ ఎక్కి తెల్లారకుండానే పోతుంది. పిల్ల నాయనమ్మ దగ్గరే తిని, నాయనమ్మ పక్కనే పడుకుంటుంది. ఒడ్డున నిలబడి, ఎవరికీ చుక్కగానైనా కనిపించని బోటుని "అదిగో మా నాన్నది!" అని చూపించేస్తుంది. ఆడవాళ్ళంతా తట్టలు పట్టుకుని, వచ్చేది ఎవరి బోటని దాన్నే అడుగుతారు. "నా మనవరాలివి గద్దకళ్ళు" అని తవిటమ్మ మురిసిపోతూ ఉంటుంది.

ఆ గద్దకళ్ళ పిల్ల నా సెంటర్లో మాత్రం బొమ్మల పుస్తకం ఇస్తే పక్కకి తోసేసేది. పూసలు గుచ్చమంటే విసిరికొట్టేది. మధ్యాహ్నానికల్లా కళ్ళు నులుముకుంటూ తలనొప్పని ఏడ్చేది. ఒకరోజు ఎదురుగా కూర్చోబెట్టుకుని పలక చూపిస్తున్నాను. పలక దగ్గరికి తెచ్చేసరికి దాని ఎడమకన్ను ముక్కు వైపు జారిపోయింది.

సాయంత్రం తవిటమ్మతో చెప్పానో లేదో ఒంటికాలి మీద లేచింది. "నా బొట్టికి కళ్ళు కనబడవా? ఏటి సెప్తన్నావ్ టీచరమ్మా? ఇక్కడ నిలబడి లైట్‌హౌసు దీపం సూపిత్తాది!"

"దూరానివి కాదు పిన్నీ, దగ్గరివి."

"దూరానివే కనబడినోళ్ళకి దగ్గరివి కనబడవేటి?"

నెత్తీనోరూ కొట్టుకుని, బతిమాలి, బెదిరించి, చివరికి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ నిఖిత అనే పిల్లల కళ్ళ డాక్టరు చుక్కల మందు వేసి, లైటు వేసి, అద్దాలు మార్చి మార్చి చూసి అంది: "పాపకి దూరదృష్టి ఉందమ్మా. రెండు కళ్ళకీ ఉంది, ఎడమకంటికి మరీ ఎక్కువ."

తవిటమ్మ మొహం పాలిపోయింది. గబుక్కున పిల్లని ఎత్తుకుని, తూ తూ అనుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. పాపం బెంగపడిందనుకున్నాను.

మిగతాదంతా డాక్టరు నాకే చెప్పింది. దగ్గరివి చూడాలంటే ఈ పిల్ల కళ్ళు బలవంతపడాలట. ఆ అవస్థలో ఎడమకన్ను లోపలికి తిరిగిపోతోందట. ఆ కన్ను చెప్పేది వినడం మెదడు మెల్లమెల్లగా మానేస్తోందట. ఇప్పుడే అద్దాలు పెట్టి, రోజూ కాసేపు కుడికన్ను మూసి ఎడమకంటి చేత పని చేయిస్తే చూపు నిలబడుతుంది. వదిలేస్తే పెద్దయ్యాక ఎన్ని అద్దాలు పెట్టినా ఆ కన్ను రాకపోవచ్చు. ఆటోలో ఇదంతా తవిటమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. ఊఁ ఊఁ అంది. ఏం విన్నదో తర్వాత గానీ తెలియలేదు.

గులాబీరంగు ఫ్రేముతో అద్దాలొచ్చాయి. పిల్ల మాత్రం సెంటర్‌కి బోసి మొహంతోనే వస్తోంది. అడిగితే ఒకసారి మర్చిపోయారు, ఒకసారి రాధ ఎక్కడో పెట్టేసింది, ఇంకోసారి కడిగి ఆరబెట్టారు. కళ్ళజోడు ఏమన్నా దుప్పటా, ఆరబెట్టడానికి? ఇక లాభం లేదని సెంటర్ మూసి నేరుగా వాళ్ళింటికి నడిచాను.

సందులోకి అడుగుపెట్టగానే మిరపకాయల ఘాటుకి దగ్గొచ్చింది. లోపల తవిటమ్మ పిల్లని గుమ్మంలో కూర్చోబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పుతోంది. ఇంకో చేత్తో చెవి దగ్గర ఫోను. "నీ కళ్ళు కాలిపోనూ సూర్యకాంతమ్మా! జాతరకొచ్చి నా బొట్టిని అలగ తేరిపార సూసినప్పుడే అనుకున్నాను!" సూర్యకాంతమ్మంటే ఆవిడ ఆడపడుచు, దువ్వాడలో ఉంటుంది.

"పిన్నీ, ఏమిటిది?" అని అరిచాను.

"ఏటంటావేటి? డాక్టరమ్మ నీ ఎదురుగుండానే సెప్పినాది కదా, పిల్లకి దూరం దిష్టని! దగ్గరోళ్ళది కాదంట, దూరం నుంచి తగిలిన దిష్టంట. దూరంలో మాకెవులున్నారు? దువ్వాడలో ఇదొక్కతే!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "దిష్టి కాదు పిన్నీ, దృష్టి! అంటే చూపు!"

"రెండూ ఒకటే. సదువుకున్నోళ్ళు దిష్టినే దృష్టంటారు."

"మరి కళ్ళజోడేది?"

"బియ్యం డబ్బాలో ఎట్టీసినాను. అదెట్టుకుంటే పేటంతా దీని మొహమే సూత్తారు. ఉన్న దిష్టి సాలదేటి? మరొకటి, అదెట్టుకుంటే బోటు మసగ్గా ఉందని ఏడిసినాది."

"కొత్తలో అలాగే ఉంటుంది, కళ్ళు అలవాటు పడాలని ఆటోలోనే చెప్పాను కదా!" నా గొంతు ఆవిడ గొంతుని మించిపోయింది. పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

గోడవార తట్టలో అమ్ముడవని చేపలు కొన్ని ఉన్నాయి. సాయిదుర్గని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కుడికన్ను అరచేత్తో మూశాను. "పిన్నీ, ఒక చేప ఇవ్వు. చూద్దాం."

తవిటమ్మ ఒకటి తీసి పిల్ల చేతికిచ్చింది. ఎడమకన్ను దిక్కు తెలియక తిరిగింది. పిల్ల దాని వీపు తడిమింది, తోక పట్టుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది. "కానాగంత!" అంది హుషారుగా.

"సూసినావా? సెప్పీసినాది!" అని తవిటమ్మ చప్పట్లు కొట్టింది.

"చెప్పింది. కళ్ళతో చెప్పిందా, చేతులతోనా?"

తవిటమ్మ చప్పట్లు ఆగాయి. తట్టలోంచి పార చేప తీసి, పిల్లకి అందకుండా మొహానికెదురుగా పట్టుకుంది. "ముట్టుకోకు తల్లీ. సూసి సెప్పు."

పిల్ల చూసింది. మెడ చాచి చూసింది. చివరికి బతిమాలుతున్నట్టు అంది: "వాసన సూత్తాను నాయనమ్మా. ఒక్కసారే."

తవిటమ్మ చేప కింద పడేసి, పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని ఆ ఎడమకన్ను కేసి చాలాసేపు చూసింది. "ఊరందరికీ సేపకళ్ళు సూపిత్తాను కదా తల్లీ, నీ కళ్ళు సూడనేదే" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కోపమంతా ఎటు పోయిందో ఏమో.

బియ్యం డబ్బాలోంచి కళ్ళజోడు బయటికొచ్చింది. "దీనికి నల్లదారం కడతాను, ఒద్దనకు" అంది.

"కట్టుకో పిన్నీ. నిమ్మకాయ కూడా కట్టుకో. తియ్యడం మాత్రం తియ్యకు."

వల అల్లే నైలాను దారానికి నల్లరంగు పట్టించి, జోడు జారకుండా పిల్ల తల వెనక ముడేసింది. ఆ మర్నాటి నుంచి నాకంటే పెద్ద టీచరైపోయింది. పిల్ల కుడికంటికి డాక్టరిచ్చిన పట్టీ అంటించి, ముందర ఎండు నెత్తళ్ళు పోసి, అందులో కలిసిపోయిన రొయ్యపొట్టు ఏరమనేది. పిల్ల మొరాయిస్తే పాట పాడేది. ఆ గొంతుతో పాట! నేను సెంటర్ కిటికీలు మూసుకునేదాన్ని. ఎదురింటి పిల్లాడు "సోడాబుడ్డీ" అని వెక్కిరించిన రోజు ఒడ్డు ఒడ్డంతా వినిపించేలా వాడికి పేర్లు పెట్టి వదిలింది. సూర్యకాంతమ్మకి మాత్రం బాబీ చేత పెద్ద వంజరం చేప పంపింది. ఎందుకు పంపావమ్మా అని ఆవిడ ఫోను చేస్తే, "తినడానికి, మరెందుకు?" అని పెట్టేసిందట.

వానలు వెళ్ళాక మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. పిల్ల నాయనమ్మ ఒళ్ళో కూర్చుంది. డాక్టరు అద్దాల కింద కుడికన్ను మూసి, బొమ్మల చార్టు చూపించింది. "ఇదేంటమ్మా?"

పిల్ల నోరు విప్పలేదు. ఇంకో బొమ్మ చూపించింది. ఊహూఁ. తవిటమ్మ చీర కొంగుని పిసికి పిసికి తాడు చేసేస్తోంది. పోయిందా ఆ కన్ను, ఇంత చేసీ పోయిందా అనుకున్నాను.

"సరే, చార్టు వద్దు. నీకేం కనిపిస్తే అది చెప్పు" అంది డాక్టరు.

సాయిదుర్గ వెనక్కి తిరిగింది. పుట్టినప్పటి నుంచి పక్కలో పడుకున్న నాయనమ్మ మొహాన్ని ఆ ఒక్క ఎడమకంటితో, వింతగా చూసింది.

"నాయనమ్మా, నీ గెడ్డం మీద సుక్కలేటి? ఒకటి, రెండు, మూడు."

తవిటమ్మ బావురుమంది. డాక్టరు "చూపొస్తోందమ్మా, ఏడవకండి, అద్దాలు మాత్రం తియ్యకండి" అంటున్నా వినిపించుకోలేదు. బయట వరండాలో ఉన్నవాళ్ళంతా లేచి తలుపు దగ్గరికొచ్చారు. జాతరలో ఆ రోజు ఎలా ఏడ్చిందో నాకప్పుడు తెలిసింది.

పిల్ల కంగారుపడి, చిట్టి వేళ్ళతో ఆ చుక్కల్ని మెల్లిగా రుద్దుతూ అడిగింది: "నొప్పెడతన్నాయేటి నాయనమ్మా?"