బంతి ఆగే చోట్లు

ఆట రోజు సాయంత్రం అయిదు గంటలకు మైదానంలో ఉన్నవాళ్లం ముగ్గురం: నేను, మైదానం బాగోగులు చూసే మా చిన్నాన్న, చైనా నుంచి వచ్చిన మా క్లబ్బు డిఫెండరు. ఉన్న వస్తువులు: నీళ్లు తోసే రబ్బరు పారలు రెండు, మూలల్లో జెండాలు నాలుగు, ఆటగాళ్లు తొడుక్కునే జీపీఎస్ బనియన్లతో నా పెట్టె, ఒక బంతి. వాన అప్పటికి గంట కిందటే వెలిసింది.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి మలేసియాలో, పేరాక్ రాష్ట్రంలోని ఈ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాను. ఎవరు ఎంత దూరం, ఎంత వేగంతో పరిగెత్తారో కొలిచి కోచ్‌కి చూపించడం నా పని. మా ఊరు సుంగై సిపుట్ నుంచి చిన్నాన్న మోటారుసైకిలు మీదే ఇద్దరం వచ్చేవాళ్లం.

డిఫెండరుకి ముప్పై నాలుగేళ్లు. కుడి మోకాలికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. క్లబ్బులో విదేశీ ఆటగాళ్లకు ఉన్న చోట్లు కొన్నే. కోచ్ ముందురోజు అందరి ముందూ అతనికి సూటిగా చెప్పేశాడు: రేపు ఎదుటి జట్టు ఫార్వర్డు పరుగులో నిన్ను దాటిపోయి గోలు కొడితే, వచ్చే సీజనుకి నీకు కాంట్రాక్టు లేదు. అతను తలూపాడు, అంతే. ఆ ఫార్వర్డుకి ఇరవై ఏళ్లు. ఆ లీగులో అతనికన్నా వేగంగా పరిగెత్తేవాణ్ణి నేను చూడలేదు. ముప్పై నాలుగేళ్ల వయసులో, ఆ మోకాలితో మా డిఫెండరుకి ఇక్కడ కాంట్రాక్టు పోతే మరో క్లబ్బు దొరకదని మా అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

చిన్నాన్న నీళ్లన్నీ తోసేశాక మైదానం అంతా ఒకే పచ్చగా కనిపించింది. అప్పుడు డిఫెండరు బంతి తీసుకుని గోలు ముందుకి వచ్చాడు. నడుం ఎత్తు నుంచి బంతిని వదిలి చూశాడు. తర్వాత దొర్లించాడు. మూడడుగులు పక్కకి జరిగి మళ్లీ వదిలాడు, మళ్లీ దొర్లించాడు.

“ఏటిరా ఆడు సేస్తంది?” అన్నాడు చిన్నాన్న, పార నేలకి ఆనించి.

“చూసుకుంటున్నాడు, చిన్నాన్నా.”

“సూడ్డానికేటుంది? నీరంతా తోసేసినాను. నా పని మీద నమ్మకం లేదా ఆడికి? పెద్ద ఇన్‌స్పెక్టరు లా!” మాట చివర ఆ ‘లా’ తగిలించడం ఇక్కడి మలాయ్ అలవాటు.

“ఊరుకో, వింటాడు.”

“ఇంటే ఇననీ. తెలుగొచ్చేటి ఆడికి? ఎల్లి సెప్పు. ఒక్క సుక్క నీరు సూపించమను, ఈ పార ఆడికే ఇచ్చెత్తాను.”

నేను వెళ్లి మలాయ్‌లో, మైదానం బాగాలేదా అని అడిగాను. అతను గాభరాగా చెయ్యి ఊపాడు. పెనాల్టీ గీతకి ఎడమ పక్కన నిలబడి బంతిని మెల్లగా తన్నాడు. కొంత దూరం పోయి, ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. “సినీ, మాతి,” అన్నాడు. ఇక్కడ చచ్చిపోతుంది, అని. రెండడుగులు పక్కనుంచి అంతే బలంతో తన్నాడు. ఈసారి బంతి జారుకుంటూ గోలు గీత దాటిపోయింది. నా కంటికి రెండు చోట్లా గడ్డి ఒకటే. నీళ్లు పైన లేవు, మట్టిలో ఉన్నాయి.

తనకు వచ్చిన కొద్ది మలాయ్‌లో, కొంత చేతులతో, సంగతి చెప్పాడు. పదకొండో ఏట ఉత్తర చైనాలో క్రీడల బడిలో చేరాడు. చలికాలంలో అక్కడి మైదానం ముక్కలు ముక్కలుగా గడ్డకట్టేదట. ఎక్కడ బంతి ఎగురుతుందో, ఎక్కడ జారుతుందో ముందే తెలుసుకోకపోతే కాలు విరిగేది. ఆ తర్వాత నాలుగు క్లబ్బులు మారాడు, ఒకటి మూతపడింది. ఏ ఊళ్లో ఆడినా ఆటకి ముందు ఇలా బంతి దొర్లించి చూడటం మానలేదు.

వెనక్కి వచ్చి చిన్నాన్నకి చెప్పాను.

“అయితే తప్పు నాది కాదు, మట్టిది లా,” అని కాస్త చల్లబడ్డాడు. “గానీ మట్టి సంగతి తెలిస్తే కాళ్లకి వయసు తగ్గుద్దేటిరా? ఆ కుర్రోడు ఈడి పక్కనించి ఎక్స్‌ప్రెస్ బస్సులా ఎల్లిపోతాడు.”

నాకూ అదే భయం. నా దగ్గరున్న కొలతలన్నీ చిన్నాన్న మాటనే బలపరుస్తున్నాయి.

ఆ రాత్రి ఆట చివరికి వచ్చేసరికి మాకు ఒక గోలు ఆధిక్యం. అప్పుడు మా రక్షణ మీదుగా ఒక పొడవాటి బంతి వచ్చింది. ఫార్వర్డు దాన్ని అందుకున్నాడు. ముందు గోలీ ఒక్కడే, కుడి పక్కన కాస్త దూరంలో మా డిఫెండరు. నేను కొలతలు చూస్తున్న టాబ్లెట్ వదిలేసి లేచి నిలబడ్డాను.

డిఫెండరు అతని వెంట పడలేదు. గోలుకి ఎదురుగా ఉన్న దారికి అడ్డంగా, కొంచెం లోపలివైపు పరిగెత్తాడు. ఫార్వర్డుకి ఎడమ పక్క మొత్తం ఖాళీగా కనిపించి ఉంటుంది. ఎవరైనా అటే పోతారు. బంతిని అటు ముందుకి తోసి, పూర్తి వేగంతో దాని వెనక పడ్డాడు. బంతి సాయంత్రం ఆగిన చోటే ఆగిపోయింది. ఫార్వర్డు ఆగలేకపోయాడు. బంతిని దాటిపోయి, వెనక్కి తిరగబోయి, చేతుల మీద పడ్డాడు. డిఫెండరు అప్పటికి పరుగు మానేశాడు. నడుచుకుంటూ వచ్చి, బంతిని పాదంతో లాక్కుని, తలెత్తి చూసి, మా మిడ్‌ఫీల్డరుకి అందించాడు.

జనం ఫార్వర్డు జారాడనుకుని నవ్వారు. కానీ అది జారడం కాదు. లీగులోకెల్లా వేగమైన మనిషిని మా డిఫెండరు, తను ఎంచుకున్న నేల మీదికి, తాకకుండా పంపించాడు.

చిన్నాన్న నా పక్కకి వచ్చాడు.

“తోలుకెల్లినాడ్రా ఆణ్ణి,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆవుని సాలలోకి తోలినట్టు. కర్ర కూడా ఎత్తలేదు.”

ఆట ఒకటి సున్నాతో ముగిసింది. కోచ్ నా దగ్గరికి వచ్చి టాబ్లెట్‌లో డిఫెండరు వేగాలు చూశాడు. ఎప్పటిలాగే జట్టులో చివరివి. దాన్ని తిరిగి ఇచ్చేసి, డిఫెండరు దగ్గరికి నడిచివెళ్లి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ వారంలోనే కాంట్రాక్టు మీద సంతకాలు అయ్యాయి.

తర్వాతి సీజనులో అతను ఆడిన మ్యాచ్‌లు ఇరవై నాలుగు, దాదాపు అన్నీ.