వరుసలో ఆఖరి సూది

మా తమ్ముడు తిరుపతి కల్లు తాగి కార్జం చెడగొట్టుకొని పోయిండని మా ఊర్లె ఎవరిని అడిగినా చెప్తరు. అబద్ధం. వాడు తాటివనం దిక్కు పోయింది మా చేనుకు అదే దారి గాబట్టి. వాని కార్జానికి, అదే లివర్‌కు, వచ్చింది క్యాన్సర్. దాని ఎనుక హెపటైటిస్ బి అనే వైరస్ ఉన్నదని, అది చిన్నప్పుడే రక్తంల చేరి ఏండ్ల తరబడి చప్పుడు చేయకుంట కూసున్నదని డాక్టరు చెప్పిండు. ఇప్పుడు మంచిర్యాల ల్యాబులో, స్పిరిట్ దూది వాసనలో, వాని భార్య స్వరూపను పక్కన కూసోబెట్టుకొని మనసుల ఊరితోటి ఇదే కొట్లాడుతున్న. ఆ వైరస్ మొగని నుంచి పెండ్లానికి, తల్లి నుంచి పిల్లలకు అంటుతది; తాగి పోయిండని నమ్మితే ఆమెకు పరీక్ష అక్కర్లేదు గదా! ఊరి అబద్ధంతోటి వచ్చిన తంటా అదే.

ఈ దూది వాసన నాకు చెన్నూరు దగ్గరి మా ఇంటి వాసన. వానలు ఎనుకబట్టి, బతుకమ్మకు తంగేడు పూలు తెంపుకొచ్చే రోజుల్లో, ఇంట్ల ఒక మూల నువ్వుల సత్తుపిండి, ఇంకో మూల కాల్చిన మక్కకంకుల కమురు, వాడకట్టు పిల్లలందరికీ ఒకటే తీరు జ్వరాలు. సైకిల్ మీద సూది డాక్టరు వచ్చేటోడు. ఆయన స్టీలు డబ్బాను మమ్మల్ని కన్న అవ్వ పొయ్యి మీద పెట్టి మసలబెట్టేది. అందులో ఒక్కటే గాజు సిరంజి, ఒక్కటే సూది. మొదటి పిల్లకు మసిలిన సూది, తర్వాత అందరికీ దూదితో తుడిచిన సూది. నలుగురైదుగురికి పొడిచేసరికి అది మొద్దుబారేది గాబట్టి, మా అరుగు మీద వరుసలో ముందు నిలబడటమే మాకు ఆట, అదే కొట్లాట. నోరున్నదాన్ని, ఎప్పుడూ నేనే ముందు. తిరుపతి వడ్ల గుమ్మి ఎనుక దాక్కుంటే బాపు రెక్కబట్టి గుంజుకొచ్చేటోడు, అప్పటికి వరుసలో వాడే ఆఖరు.

"ఒక్కసారన్న నన్ను ముందు నిలవెట్టక్కా!"

"గుమ్మి ఎనుక దాక్కునేటోనికి ముందేందిరా?"

ఏడుపు ఆపడానికి అవ్వ వాని నోట్లె బెల్లం ముక్క పెట్టేది. అందులో సగం కూడా నేనే గుంజుకునేదాన్ని.

ఒకరి రక్తంల వైరస్‌ను వానికి ఆ సూదే తెచ్చిందని నా దగ్గర రుజువు లేదు. పుట్టేటప్పుడు అవ్వ నుంచే వచ్చిందేమో. అవ్వ రక్తం ఎవరూ చూడలే, ఇప్పుడు చూద్దామంటే అవ్వ లేదు.

ఇరవై రెండేండ్లకు వాడు దుబాయికి తయారైండు. మెడికల్‌ల 'అన్‌ఫిట్' అని కాగితం చేతిల పెట్టిన్రు, ఎందుకో చెప్పలే. బాపు దాన్ని మడతబెట్టి సందుగ అడుగున దాచి, "పిల్లనెవరిస్తరు? నీ నోరు జర మూసుకో" అని నన్ను బెదిరించిండు. మూసుకున్న. నా జన్మల నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. పత్తి చేన్ల ఇద్దరి పని ఒక్కడే చేసేటోడిని చూసి, ఆ కాగితం దుబాయి సంగతే అనుకున్నం గని వాని ఒంటి సంగతని ఎవ్వరం అనుకోలే. ముందే తెలిస్తే మందులుండె, ఎప్పటికప్పుడు చూసుకునే పరీక్షలుండె అని, దుబాయి మెడికల్‌ల కూడా ఈ వైరస్ కోసం రక్తం చూస్తరని డాక్టరు అన్ననాడు ఇంటికొచ్చి సందుగ తెరిచిన; కాగితం మీద ఆ ఒక్క ఇంగ్లీషు మాట తప్ప ఏం లేదు. అప్పటికి వాడు మంచం దిగుతలేడు.

ఆ కాగితం సంగతి స్వరూపకు ఇయ్యాల బస్సుల చెప్పిన.  ఇప్పుడు, ల్యాబుల కూసున్నంక, అడిగింది.

"ఊరందరితోని కొట్లాడుతవ్ గదా వదినె. నా పెండ్లప్పుడు ఆ నోరు ఏడవోయింది?"

నేను మా ఇద్దరి పరీక్ష చీటీలు ల్యాబు పిల్లకు అందించిన; అదే సూది నాకూ పడ్డది, అదే అవ్వ నన్నూ కన్నది.

ఆ గాజు సిరంజి లేదు, స్టీలు డబ్బా లేదు, మా అరుగే లేదు. ల్యాబు పిల్ల మా కండ్ల ముందే కొత్త సూది కవరు చింపి, "ఇద్దర్ల ఎవరు ముందమ్మా?" అన్నది. అలవాటుగా లేవబోయి, ఆగి, స్వరూప దిక్కు చూసిన. ఆమె కొంగు సదురుకొని, నా దిక్కు చూడకుంటనే చెయ్యి చాపింది. "రేపు నా బిడ్డను గూడ తోల్కొస్త" అన్నది ల్యాబు పిల్లతోటి, నాతోటి కాదు.

స్వరూప అడిగినదానికి ఎన్నటికన్నా నేను జవాబు చెప్పాల్సిందే. గని నేనడిగేదానికి ఎవరు చెప్తరు? దుబాయికి పనికిరాడని రాసిన ఆ చెయ్యి, ఎందుకు పనికిరాడో, ఏ డాక్టరుకు చూపించుకోవాల్నో, తెలుగుల ఇంకొక్క ముక్క రాస్తే ఏం పోతుండె?