కాన్సాస్ నుంచి ఒక్క రింగు

2008వ సంవత్సరం. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో నేను స్టాఫ్ నర్సుని. మూత్రపిండాలు పనిచేయని వాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే విభాగం అది. ఒక్కో పేషెంటు నాలుగు గంటలు చేయి కదపకుండా వాలు కుర్చీలో పడుకోవాలి. తెల్లని పరదాలు, ఏసీ చల్లదనం, మిషన్లు మెల్లగా తిరిగే చప్పుడు. కాసేపటికి గదిలో అందరూ సగం నిద్రలో ఉంటారు. మేలుకుని ఉన్న మాకూ ఏదో నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉండేది. డ్యూటీ బస్సులో కూడా కిటికీ పక్కన చేరి పుస్తకం తెరిచే నాలాంటి దానికి అది సరిపోయిన చోటు.

మా ఇద్దరి మాటలూ నా స్నేహితురాలు సలోమియే మాట్లాడేది. తనది తెనాలి, నాది నర్సాపురం. అల్ అజీజియాలోని నర్సుల హాస్టల్లో మాది ఒకే గది. అమెరికా నర్సింగ్ పరీక్ష పాసై తను కాన్సాస్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మా మధ్య మిస్‌డ్ కాల్ ఒప్పందం నడిచేది. శుక్రవారం తను ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తుంది. నేను తిరిగి ఒక్క రింగు ఇస్తాను. నేను బాగున్నాను, నువ్వూ బాగున్నావు అని అర్థం. ఎత్తకూడదు, ఎత్తితే డబ్బు దండగ. గల్ఫ్‌లో పనిచేసే మా అందరికీ అలవాటైన పద్ధతే ఇది. జేబులో ఫోన్ ఒక్కసారి వణికి ఆగిపోతే ఆ వారమంతా నాకు మనసు స్థిమితంగా ఉండేది.

ఆ రోజు శుక్రవారం కాదు. ఉమ్మ్ సాలెహ్ వంతు. ఆవిడ ఎడారిలో గుడారాల్లో పెరిగిన పెద్దావిడ. సలోమిని సలోమా అనేది, తను ఉన్నన్నాళ్లూ ఇంకెవరినీ సూది వేయనిచ్చేది కాదు. తను వెళ్లాక నన్ను చాలాసేపు చూసి, "నువ్వు సలోమావి కాదు. సరే, నీ చేయి చల్లగా ఉంది, వెయ్యి" అంది. ఆవిడను దాదాపు సలోమియే నాకు అప్పగించి వెళ్లినట్టు.

ఆవిడ కుర్చీకి ఎదురుగా గోడ మీద టీవీ ఉంది. అరబిక్ వార్తల్లో పొద్దున్నుంచీ అమెరికా పటం, దాని నడుమ ఒక ఎర్ర చుక్క. పైకప్పులు లేని ఇళ్లు, వీధిలో తలకిందులుగా పడిన కార్లు. నేను ట్రేలో సూదులు సర్దుకుంటున్నాను. తల ఎత్తలేదు.

"యా బింతీ" అని పిలిచింది ఉమ్మ్ సాలెహ్. అమ్మాయీ అని. "కాన్సాస్ అంటున్నాడు. సలోమా వెళ్లింది అక్కడికే కదా?"

అప్పుడు చూశాను. తెర కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో టోర్నడో అనీ, పక్కనే ఊరి పేరూ. సలోమి పంపే కవర్ల వెనక ఎన్నోసార్లు చదివిన పేరే.

కారిడార్‌లోకి వెళ్లి తనకు ఫోన్ చేశాను. కాల్ కలవడం లేదని ఒక రికార్డు గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే మర్యాదగా చెప్పింది.

తిరిగి వచ్చేసరికి ఉమ్మ్ సాలెహ్ స్లీవ్ పైకి మడుచుకుని చేయి చాచి ఉంది. "మా చిన్నప్పుడు ఇసుకలో సుడిగాలి లేస్తే అమ్మ గుడారం తాడు మా అందరి నడుములకూ చుట్టేది. దుమ్ములో ఎవరూ కనబడరు. తాడు కదిలిందంటే అవతల ఒకరు ఉన్నట్టు" అంది.

డయాలసిస్ పేషెంట్లకు చేతిలో ధమనినీ సిరనూ ఆపరేషన్ చేసి కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటారు. సూది వేసే ముందు దాని మీద వేళ్లు ఆనించి చూడాలి. లోపల రక్తం పరుగెడుతుంటే చర్మం కింద సన్నగా గుయ్‌మని వణుకు తగులుతుంది. దాన్ని థ్రిల్ అంటాం. థ్రిల్ లేకపోతే దారి మూసుకుపోయినట్టే, సూది వేయకూడదు. ఆవిడ చేతి మీద వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని నిలబడ్డాను. థ్రిల్ ఉంది. ఆ వణుకు నా వేళ్లలోంచి మోచేతికి, అక్కడి నుంచి నడుము దాకా పాకినట్టు అనిపించింది. ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. వణికింది నా జేబులో ఫోన్ కూడా. ఒక్కసారి వణికి ఆగిపోయింది.

చూస్తే సలోమి నంబర్ కాదు. ఎవరిదో అమెరికా నంబర్.

సూదులు వేశాను, మిషన్ మొదలుపెట్టాను, బీపీ రాశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ తర్వాత ప్యాంట్రీలోకి వెళ్లి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. యూనిట్‌లో హౌస్‌కీపింగ్ చేసే కడప మస్తానమ్మ మాప్ గోడకు ఆనించి వచ్చింది.

"ఏంది సిస్టరమ్మా, మొగం అట్ల పెట్టినావు?"

చెప్పాను.

"తెలీని నంబరా? ఎన్ని రింగులు ఇచ్చిరి?"

"ఒక్కటే. ఎవరో పొరపాటున చేసి ఉంటారు మస్తానమ్మా."

"ఒక్క రింగుకే కట్ చేసినారా? అయితే మన మనిసే! తెల్లోళ్లు యాడన్నా మిస్‌డ్ కాల్ ఇస్తారా? చెయ్ నువ్వు."

"ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఫోన్ చేసి ఏమని అడగను?"

"అన్నన్ని బుక్కులు సదువుతావు, హలో అనేదానికి నోరు రాదా నీకు?"

ఆమె వెళ్లకుండా అక్కడే నిలబడింది. విదేశాలకు చేసే కాలింగ్ కార్డు నంబర్లన్నీ నొక్కి, ఆ నంబరుకు చేశాను. అవతల ఒక పెద్దావిడ గొంతు. చుట్టూ చాలామంది మాటలు, ఎక్కడో పసిపిల్ల ఏడుపు. నేను నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎటో పోయి, "సలోమి... నర్స్... ఇండియా" అని మాత్రం అనగలిగాను.

"ఓ, ఆ చిన్న నర్సమ్మాయా! ఇక్కడే ఉంది. స్కూల్ జిమ్‌లో అందరం తలదాచుకున్నాం, మా అందరికీ బీపీలు చూస్తోంది" అంది ఆవిడ. "పాపం, తన ఫోన్ పోయిందంటే నాది ఇచ్చాను. ఎంతసేపైనా మాట్లాడుకో అన్నాను. ఒక్కసారి మోగనిచ్చి, కట్ చేసి, 'థాంక్యూ, మాట్లాడేశాను' అని తిరిగి ఇచ్చేసింది. నాకేమీ అర్థం కాలేదు."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో గుర్తు లేదు. ఇంతలో ఫోన్ చేతులు మారింది.

"ఏంటే పిల్లా, మిస్‌డ్ కాల్ ఇచ్చాగా! మళ్లీ కార్డెందుకు దండగ చేశావు?"

"ఎవరి నంబరో తెలియక..."

"రింగ్ తెలీలేదా? నా రింగే కదా!" అని తిట్టింది. తర్వాత తన గొంతు సన్నబడింది. "పైకప్పు పోయిందే. నేను సెల్లార్‌లో ఉన్నా. బాగానే ఉన్నా. ఒక్క నిమిషం పెట్టెయ్యకు."

పెట్టలేదు. కార్డు అయిపోయేదాకా తన చుట్టూ ఉన్న ఆ జిమ్ చప్పుడు వింటూ ఉన్నాను.

యూనిట్‌లోకి వెళ్లేసరికి ఉమ్మ్ సాలెహ్ నా ముఖం చూసింది. "అల్‌హమ్దులిల్లా" అని దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని కళ్లు మూసుకుంది. ఆవిడ రక్తం గొట్టాల్లో ఎర్రగా, నిదానంగా తిరుగుతోంది.

ఇప్పుడు కొత్తగా చేరిన నర్సులకు ఫిస్టులా చూడడం నేనే నేర్పిస్తాను. వాళ్లు ఇలా వేలు పెట్టి అలా తీసేసి, "థ్రిల్ లేదు సిస్టర్" అంటారు. చేయి తీయకండి, ఇంకాస్త ఉంచండి అంటాను. అవతల మనిషి నేనున్నానని చెప్పడానికి చాలా తక్కువ చాలు. దాన్ని అందుకోవడానికే మన చేయి కాసేపు అక్కడ ఉండాలి.