సీలు తీయని ఆయిల్ డబ్బా

నా చిన్నప్పుడు ఒక మోపెడ్ ఇంజను గొంతు మారడం విని నాకు ఊపిరి ఆగింది. మొన్న సాయంత్రం వంటింట్లో ఫోను చూసినప్పుడు మళ్ళీ అలాగే ఆగింది. మా వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు, ఎదురింటి పెద్దాయనకి దగ్గు పట్టుకుందట, పిల్లల్ని ఆ గోడ దగ్గరికి పంపకండి, సరుకులు ఇచ్చేవాళ్ళు జాగ్రత్త అని. దాని కింద పదిమంది అయ్యో అన్నారు. ఆ పెద్దాయనకి దగ్గు లేదు. ఆ సంగతి వీధి మొత్తంలో నాకొక్కదానికే ఖాయంగా తెలుసు. ఎందుకంటే ఆ దగ్గును పుట్టించింది నేనే.

మేముండేది ఐర్లండులోని లీక్స్‌లిప్ అనే ఊళ్ళో. మా ఆయన చిప్ ఫ్యాక్టరీలో ఇంజనీరు, లాక్‌డౌన్ వచ్చినా ఆయన షిఫ్టులు ఆగలేదు. నేను ఇంట్లోంచే ఉద్యోగం చేస్తూ, తొమ్మిదేళ్ళ కూతురినీ ఐదేళ్ళ కొడుకునీ చూసుకుంటూ, పాల డబ్బాని కూడా సబ్బునీళ్ళతో కడిగి లోపల పెట్టే రోజులు. ఎదురింటి పెద్దాయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒంటరి మనిషి. ఆ వయసువాళ్ళెవరూ గడప దాటకూడదని ప్రభుత్వం చెప్పడంతో, వీధివాళ్ళం వంతులు వేసుకుని ఆయన తలుపు ముందు సరుకుల సంచి పెట్టి వచ్చేవాళ్ళం.

వయసులో ఉన్నప్పుడు ఆయన కెనడా అడవుల్లో పనిచేశాడట. తిరిగొచ్చేటప్పుడు ఓడలో ఒక స్నోమొబైల్ తెచ్చుకున్నాడు. అది మంచు మీద పరిగెత్తే బండి. ఇక్కడేమో పడేది వాన, దానికి సరిపడా మంచు ఎన్నడూ పడదు. ఏళ్ళ తరబడి షెడ్డులో ఊరికే పడి ఉన్న ఆ బండి ఇంజనుని, లాక్‌డౌన్ వచ్చిన వారానికల్లా విప్పి వాకిట్లో బల్ల మీద పరిచాడు. మా అమ్మాయి ఒక ప్లాస్టిక్ స్టూలు పట్టుకెళ్ళి, ఆయన గోడకి ఇవతల రెండు మీటర్ల దూరంలో వేసుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి స్టూలు అక్కడే ఉండిపోయింది.

మొదట్లో నాకు సంతోషంగానే ఉండేది. పిల్లకి కాస్త గాలి, పెద్దాయనకి కాస్త మాట. కానీ ఇంట్లో నేను ఇవాళ ఏం చేశావమ్మా అని అడిగితే "నతింగ్" అని తలుపేసుకునే పిల్ల, అక్కడ గంటల తరబడి కబుర్లు చెబుతోంది. దాని నవ్వు వీధి దాటి నా కంప్యూటరు దాకా వినిపించేది. మీటింగులో ఎవరేం మాట్లాడుతున్నారో నాకు తెలిసేది కాదు.

ఒక రాత్రి అన్నం తింటూ, "అమ్మా, డు యు నో, టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఆయిల్ పెట్రోల్‌లోనే కలపాలి. అదర్‌వైజ్ ఇట్ జస్ట్ డైస్," అంది.

"నాకు తెలుసే," అన్నాను.

"హౌ వుడ్ యూ నో?" అని పకపకా నవ్వింది. తమ్ముడు కూడా అర్థం కాకపోయినా నవ్వాడు.

పెద్దాయనకి ఊళ్ళో వేరే చోట ఒక తమ్ముడున్నాడు. ఇద్దరూ రోజూ స్పీకరు ఫోనులో ఆయిల్ గురించే పోట్లాడుకునేవాళ్ళు. ఖరీదైన సింథటిక్ ఆయిలే పొయ్యాలి, దాంట్లో ఫలానా మందు కూడా కలిపితే అరిగిన సిలిండరు మళ్ళీ కొత్తదవుతుంది అంటాడు తమ్ముడు. మామూలు ఆయిలు కొలత తప్పకుండా పోస్తే చాలంటాడు ఈయన. "అరిగిపోయిన ఇనుము సీసాలోంచి తిరిగి రాదు" అని ఆయన అన్నాడని మా అమ్మాయి ఇంటికొచ్చి ఆయన గొంతుతోనే చెప్పింది. అచ్చంగా మా తాతయ్య అనే మాట అది. నా కూతురికి అది నా నోటి మీదుగా అందాలి. ఎక్కడి మనిషో, నాకంటే ముందు ఇచ్చేశాడు. తాతయ్య గురించి నేనెప్పుడూ పిల్లలకి చెప్పలేదన్న సంగతి ఆ కడుపుమంటలో గుర్తు రాలేదు.

గురువారం నాడు మా అమ్మాయి గెంతుకుంటూ వచ్చింది. శనివారం ఇంజను మొదటిసారి స్టార్టు చేస్తారట. ఆయిలు కొలిచి పోసేది తనేనట. "హి సేస్ ఐ హావ్ ద స్టెడీయెస్ట్ హ్యాండ్స్ ఆన్ ద రోడ్!" అంది. నేను స్టవ్ వైపు తిరిగి, చాలా మామూలు గొంతుతో చెప్పాను: "ఇంక అటు వెళ్ళకు. ఆయన దగ్గుతున్నాడు. నేను విన్నాను."

"హి ఈజ్ నాట్."

"నేను విన్నానంటున్నా కదా."

పిల్ల ముఖం ఎలా అయిందో నేను తిరిగి చూడలేదు. అది ఏడుస్తూ వీడియోకాల్‌లో స్నేహితురాలికి చెప్పుకుంది. ఆ పిల్ల వాళ్ళమ్మకి చెప్పింది. వాళ్ళమ్మ గ్రూపులో పెట్టింది. మరునాడు, శుక్రవారం సాయంత్రం, వంతు వచ్చినవాళ్ళు సరుకుల సంచిని తలుపు దాకా తీసుకెళ్ళకుండా గేటు బయట తడి నేల మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. పెద్దాయన చేతికర్రతో వానలో వచ్చాడు. మోకాలు వంగదు ఆయనకి. రెండోసారికి సంచి అందింది, బ్రెడ్డు జారి నీళ్ళలో పడింది. ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. ఏం జరిగిందో, అందరూ ఒక్కసారి ఎందుకు మాయమయ్యారో ఆయనకి తెలియలేదు. నేను కిటికీ తెర వెనకాల నిలబడే ఉన్నాను.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, ముప్పై ఏళ్ళుగా పక్కన పెట్టిన ఒక రోజుని మళ్ళీ బయటికి తీయక తప్పలేదు.

తెనాలిలో మా తాతయ్యకి మోపెడ్లు బాగుచేసే షెడ్డు ఉండేది. అవన్నీ టూ స్ట్రోక్ బళ్ళే. మా తాతయ్యకీ, పక్క లేతు షాపు ఆయనకీ రోజూ సాయంత్రం టీ తాగుతూ ఒకటే వాదన. పెట్రోల్లో ఆయిలుతో పాటు చుక్క ఆముదం వేస్తే పిస్టను చల్లగా ఉంటుందని ఆయన. "ఆముదం నీ నెత్తికి రాసుకో, నా రింగులకి జిగురు పట్టించకు," అని మా తాతయ్య. నేను ఆ చెక్క బల్ల కింద కూర్చుని ఇద్దరి మాటలూ వినేదాన్ని. ఆ షెడ్డులో నా పని రెండే రెండు. విప్పిన సామాను కిరసనాయిల్లో కడగడం, పెట్రోలు లీటరుకి ఒక మూత చొప్పున ఆయిలు కొలిచి కలపడం. ఆ మూత పని నాకు గుడిలో హారతి పట్టుకున్నంత గొప్పగా ఉండేది.

అప్పుడు పక్కింటి అక్క వచ్చింది. పదోతరగతి తప్పింది, వాళ్ళ నాన్న లేడు, ఇంట్లో కూర్చుంటే పెళ్ళి చేసేస్తారని భయం. తాతయ్య ఆమెకి స్పానరు ఇచ్చాడు. ఆర్నెల్లు తిరిగేసరికి నేను కడిగిన రింగుల్ని ఆమె పిస్టనుకి ఎక్కించేది. ఆమె చేతి మీద తాతయ్య తన చెయ్యి వేసి, "ఇంత బిగువు చాలమ్మా, ఇంకా తిప్పితే మర పోతుంది," అని నేర్పేవాడు. నా చేతి మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. నాకు పదకొండేళ్ళు. రోజూ ఆ రెండు చేతుల్నే చూస్తూ కూర్చునేదాన్ని.

మా డ్రిల్లు మాస్టారి మోపెడ్ ఇంజను మొత్తం అక్క ఒక్కతే కట్టింది. కాలవ వంతెన దాకా వెళ్ళి తిరిగొస్తే, ఇక నుంచి బళ్ళు ఆమె పేరు మీదే తీసుకుంటానని తాతయ్య అందరి ముందూ చెప్పాడు. తర్వాత నన్ను పిలిచి పెట్రోలు కలపమన్నాడు. కొత్త ఆయిల్ డబ్బా అరమీద ఉంది. నేను డబ్బా వైపు చూశాను, అక్క వైపు చూశాను. ఉత్త పెట్రోలు పోసి టాంకు మూత పెట్టేశాను. బండి మధ్యలో ఆగితే చాలనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను.

అక్క బయల్దేరింది. వంతెన దగ్గర తిరిగింది. వెనక్కి వస్తూ ఉండగా ఇంజను గొంతు మారింది. గలగలలాడే శబ్దం పొడిబారి, సన్నబడి, కీచుమంది. అందరికంటే ముందు నాకే తెలిసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డంగా జారింది. అక్క కంకర మీద పడింది. మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి. ఇంకొక్క మూర అవతల కాలవ.

మాస్టారు గయ్యిమన్నాడు. "ఆడపిల్ల చేత ఇంజను కట్టిస్తే ఇట్టాగే ఉంటది! నీకు మతి పోయిందా పెద్దాయనా?"

అక్క రక్తం తుడుచుకోకుండానే, "రింగులు తప్పుగా వేసినట్టున్నా తాతా, నాదే తప్పు," అని ఏడుస్తోంది.

తాతయ్య బండిని షెడ్డులోకి తెప్పించి టాంకు మూత తీశాడు. వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు. జిడ్డు లేదు. అప్పుడు తలెత్తి అర వైపు చూశాడు. ఆయిల్ డబ్బా సీలు తీయకుండా అలాగే ఉంది. నా వైపు చూస్తాడని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన డబ్బాని నెమ్మదిగా తీసి, పాత ట్యూబుల వెనక్కి తోసేస్తున్నాడు. అది నేను తప్ప ఎవరూ చూడలేదు.

"పిల్ల పనిలో వంక లేదు మాస్టారూ. ఆయిలు పొయ్యడం నేనే మర్చిపోయా," అన్నాడు.

తెనాలిలో అది ఎంత పెద్ద మాటో చెప్పడం కష్టం. ముప్పై ఏళ్ళ అనుభవమున్న మెకానిక్కు టూ స్ట్రోక్ బండిలో ఆయిలు మర్చిపోయాడంటే, వంటవాడు బియ్యం వెయ్యకుండా అన్నం వార్చాడన్నట్టు. లేతు షాపాయన ఆ సాయంత్రం టీ తాగకుండా ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత తాతయ్య ఉన్నన్నాళ్ళూ మాస్టారు షెడ్డు ముందు ఆగి, "ఏం తాతా, ఇవాళైనా ఆయిలు పోశావా, పంపునీళ్ళు పోశావా?" అని అడిగేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. తాతయ్యా నవ్వేవాడు. నేను బల్ల దగ్గర నిలబడి వినేదాన్ని.

ఆయన నన్ను తిట్టలేదు. మరునాడు నా చేతికి గరుకు కాగితం ఇచ్చి, గీతలు పడ్డ ఆ పిస్టనుని అక్క పక్కన కూర్చుని రుద్దమన్నాడు. నేను రుద్దుతుంటే, మొట్టమొదటిసారి, నా చేతి మీద చెయ్యి వేశాడు. "గట్టిగా ఒద్దమ్మా. నిదానంగా," అన్నాడు. ఆర్నెల్లుగా నేను దేనికోసం కుళ్ళిపోయానో అది అప్పుడు దొరికింది. ఆ చెయ్యి ఎప్పుడు తీస్తాడా అని ఎదురుచూశాను.

అక్క నిలదొక్కుకుంది. ఇప్పుడు ఆమెకి సొంత షెడ్డు ఉంది. ఆ బండి నావల్ల పడిందని ఆమెకి ఈనాటికీ తెలియదు. తాతయ్య పోయేముందు చెబుదామనుకుని చెప్పలేకపోయాను. ఆయన నా తప్పుని కప్పాడు, అక్క బతుకు నిలబెట్టాడు, దానికి తన పేరు ఖర్చు పెట్టాడు. నేను నా వంతుగా ఏమీ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది ఆయన మంచితనం కంటే ఎక్కువగా ఆ నవ్వులే. నా మీద పడాల్సిన నవ్వులు అవి. ఆయన అలవాటుగా మొహాన వేసుకుని తిరిగాడు.

అందుకే శుక్రవారం రాత్రే గ్రూపులో రాశాను. ఆయనకి దగ్గు లేదు, అది మా ఇంట్లో నేను ఆడిన అబద్ధం, క్షమించండి అని. రాసి, చెరిపి, మళ్ళీ రాసి పంపాను. ఒకావిడ ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటూ "ఫెయిర్ ప్లే టు యూ" అంది. మిగతావాళ్ళు చూసి ఊరుకున్నారు. తడి నేల మీద సంచి పెట్టినావిడ మాత్రం, మా పిల్లలు మీతో జాగ్రత్తగా ఉండాలన్నమాట అని రాసింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. తెనాలిలో అక్కకి ఫోను చెయ్యడానికి మాత్రం ఇంకా ధైర్యం కూడటం లేదు. చెయ్యాలి.

శనివారం పొద్దున పిల్లలిద్దరినీ టేబులు దగ్గర కూర్చోబెట్టాను. ఎదురింటాయన దగ్గలేదు, నేను కావాలనే అలా చెప్పాను, నువ్వు ఆయనతో అంత సంతోషంగా ఉంటే నాకు కుళ్ళొచ్చింది అని చెప్పాను.

అమ్మాయి చెంచా ఆపేసింది. "యూ వర్ జెలస్? ఆఫ్ హిమ్? మామ్, హి ఈజ్ సెవెంటీ ఎయిట్!"

"అవును," అన్నాను. చిన్నప్పుడు ఒక అక్కని చూసి కూడా ఇలాగే కుళ్ళుకుని ఏం చేశానో, ఆ తప్పు ఎవరు నెత్తినేసుకున్నారో మొత్తం చెప్పాను. అది నవ్వలేదు. చాలాసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు భరించడం కష్టంగానే ఉంది.

తర్వాత ఇలా చెప్పాను: "ఇప్పుడు ముగ్గురం ఆయన గేటు దగ్గరికి వెళ్దాం. ముందు నేను మాట్లాడతాను, మీరు నా తరఫున ఏమీ చెప్పొద్దు. ఈ సంగతి ఇంట్లో దాచుకోవాల్సిన పని కూడా లేదు. మీ ఫ్రెండ్స్‌కి చెప్పుకోండి, స్కూలు తెరిచాక టీచరుకైనా చెప్పుకోండి, మా అమ్మ అబద్ధమాడిందని. ఎవరైనా నవ్వితే నన్ను చూసి నవ్వమనండి."