నోరు తెరిచి అడిగిన ఆడబిడ్డ

ఆ కబురు మొదట తెచ్చింది పక్కింటి రమీజాబీ. "నీ బోర్డు ఫోటో పులివెందుల దాకా పోయిందమ్మా. మీ ఆడబిడ్డ చుట్టాలందరికీ పంపిచ్చి నవ్వుతాంది" అంది.

నేను బడికి పోలేదు. చదువంతా ఇంట్లోనే. దేవుడి దయవల్ల ప్రొద్దుటూరులో చిన్నపిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టి, బోర్డు మీద 'టీచ్' అనాల్సిన చోట ఇంగ్లీషులో 'లెర్న్' అని రాశాను. "మా వదిన కాడ పిల్లోళ్లు నేర్పుతారంట, ఆమె నేర్చుకుంటాదంట!" అని మా వీధిలోనే ఉండే ఆడబిడ్డ ఎగతాళి. వారం తిరిగేసరికి తొమ్మిది మందిలో ఇద్దరే మిగిలారు.

నర్సుగా చేసి రిటైరైన రమీజాబీ రోజూ మధ్యాహ్నం నాకు ఇంగ్లీషు నేర్పింది. రెండేళ్లకు మా వరండా పిల్లలతో నిండింది. అప్పుడు ఆడబిడ్డ తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది.

మా దగ్గర బిడ్డను చేర్చే తల్లి అందరి ముందూ తాంబూలం చేతికిచ్చి, నేర్పమని అడగాలి. ఆమె తాంబూలం పళ్లెం కింద పెట్టి, కొడుకును ముందుకు తోసింది.

"నోరు తెరిచి అడగల్ల పాపా" అన్నాను.

"ఏంది వదినా, నేను గూడానా?"

"ఆడబిడ్డవని ఆచారం మారుతాదా? ఇంగ్లీషులో అడుగు. నీకు శానా బాగా వచ్చు గదా!"

తల్లులంతా చూస్తుండగా ఆమె తల వంచుకుని, "టీచ్ చెయ్యి వదినా" అంది.

గండి ఆంజనేయస్వామి నన్ను క్షమించాలి, ఆ తమలపాకులంత తియ్యనివి నేనెన్నడూ నమల్లేదు. పిల్లవాడికి మాత్రం మనసుపెట్టే చెబుతున్నాను.

ఆ రోజు చూడకముందే రమీజాబీ కన్నుమూసింది. ఇది చదివినవాళ్లు ఆమెను ఒక్కసారి తలచుకోండి.